రామదాసు దిగులు

భద్రాచలం అనగానే మనకు తోచేవి సీతారాముల కల్యాణం, ముత్యాల తలంబ్రాలు, గోదావరి, ఆ గుడి కట్టించి చెరసాల పాలైన రామదాసు. ఆ రామదాసు మనకు భక్తుడిగా తెలుసు, వాగ్గేయకారుడిగా తెలుసు, 1964లో నాగయ్యగారు, 2006లో నాగార్జున ధరించిన పాత్రగానూ తెలుసు. ఈ వ్యాసంలో ఆయనను నేను దీర్ఘకాలం దిగులులో మునిగిన మనిషిగా చూడదలచాను. ఇందులో భక్తికి అపచారమేమీ లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. ఆ దిగులును దిగులుగా గుర్తించకపోవడమే ఆయన పాటలకు మనం చేస్తున్న అపచారమని నా అభిప్రాయం.

మొదట మాటల సంగతి. ఇంగ్లీషువారి డిప్రెషన్ అన్న ఒక్క మాటకు మన పత్రికలు మూడు మాటలు వాడుతుంటాయి. బంగాళాఖాతంలో వస్తే వాయుగుండం, బజారులో వస్తే మాంద్యం, మనసులో వస్తే కుంగుబాటు. మొదటి రెండింటిలో సంస్కృతం ఉన్నది. మూడవది చక్కని తెలుగు మాట. నేల కుంగినట్టు, గోడ కుంగినట్టు మనసు కుంగడం. మాట బాగున్నదే కాని ఇళ్ళలో ఎవరూ దానిని వాడగా నేను వినలేదు. మా ఖమ్మం పల్లెల్లో "దిగులు పెట్టుకున్నాడు" అంటారు, "బెంగ పెట్టుకున్నది" అంటారు. ఈ రెండింటికీ ఒక సూక్ష్మమైన తేడా ఉన్నది. బెంగకు సాధారణంగా ఒక చిరునామా ఉంటుంది. పుట్టింటి మీద బెంగ, దూరాన ఉన్న కొడుకు మీద బెంగ. దిగులుకు చిరునామా ఉండవచ్చు, ఉండకపోవచ్చు. "ఎందుకో దిగులుగా ఉంది" అంటే వినేవాడికి అర్థమవుతుంది, ఎవరి మీద అని అడగడు. పైగా ఆ మాటలో దుఃఖంతోపాటు కొంత భయమూ కలిసి ఉంటుంది.

పాశ్చాత్య తత్త్వవేత్తలు ఈ తేడాను చాలా పుటలలో చర్చించారు. కోపం, అసూయ, భయం వంటి ఉద్వేగాలు ఏదో ఒక విషయాన్ని పట్టుకుని ఉంటాయనీ, చిత్తస్థితులకు అటువంటి విషయం ఉండనక్కరలేదనీ, అవి లోకం మొత్తానికే రంగు పులుముతాయనీ ఆ చర్చల సారం. జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ 1927లో వెలువడిన తన ప్రధాన గ్రంథంలో భయానికి ఎదుట ఒక వస్తువు ఉంటుందనీ, ఆందోళనకు అటువంటిదేదీ ఉండదనీ వివరించాడు. మన పల్లెటూరి ముసలమ్మ ఒక్క మాట మార్పుతో చెప్పగలిగిన సంగతే ఇది. గొప్ప కోసం అనడం లేదు. బెంగకూ దిగులుకూ నడుమ ఉన్న ఈ దూరం రామదాసు పాటలను చదవడానికి నాకు తాళంచెవి అయింది, అందుకని చెబుతున్నాను.

కంచెర్ల గోపన్న స్వస్థలం నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. అదే ఊరిలో పెద్ద బౌద్ధస్తూపం ఉన్నది. దుఃఖమే మొదటి సత్యమని చెప్పినవాని స్తూపం నీడన పుట్టినవాడు గోపన్న అనుకుంటే ఏదో సంబంధం ఉన్నట్టు తోస్తుంది కాని, చరిత్రలో ఆ సంబంధమేమీ లేదు. గోల్కొండ కుతుబ్‌షాహీల చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కాడు. ఆయన కొలువులో మాదన్న ప్రధాని, అన్న అక్కన్న ఆయనకు కుడిభుజం. సంప్రదాయం మాదన్నను గోపన్నకు మేనమామగా చెబుతుంది. ఆ చలువతోనే గోపన్నకు పాల్వంచ తహసీలు దొరికిందట. తహసీలుదారు అంటే నేటివలె ధ్రువపత్రాల మీద సంతకాలు పెట్టే అధికారి కాడు. శిస్తు వసూలుచేసి, లెక్క వ్రాసి, సర్కారు బొక్కసానికి చేరవేసేవాడు.

పాల్వంచ నుంచి అడవి దాటి, గోదావరి దాటితే భద్రగిరి. అది అప్పటికీ ఇప్పటికీ సరిహద్దు ఊరే. 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండి తరువాత ఖమ్మంలో కలిసింది. 2014లో చుట్టుపట్ల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఆ కొండమీద పుట్టలో ఉన్న విగ్రహాలను భద్రిరెడ్డిపాలెం వాసి పోకల దమ్మక్క కనుగొని, ఆకుల పందిరి వేసి, అడవి పండ్లు నైవేద్యం పెట్టిందని ఐతిహ్యం. ఆ పందిరి చోట గోపన్న రాతిగుడి లేపాడు. అందుకు శిస్తు సొమ్ము ఆరు లక్షలు ఖర్చయింది. కొందరు వరహాలంటారు, కొందరు మొహరీలంటారు. సర్కారు సొమ్ము సర్కారు అనుమతి లేకుండా ఖర్చయింది కనుక సుల్తాను గోపన్నను గోల్కొండ కోటలో బంధించాడు. పన్నెండేళ్ళు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. తానీషా ఏలుబడి మొత్తం 1672 నుంచి 1687 వరకు, పదిహేనేళ్ళు. మాదన్న ప్రాభవం 1670ల నడుమ మొదలై 1686 మార్చిలో అన్నదమ్ములిద్దరూ గోల్కొండలో హత్యకు గురికావడంతో ముగిసింది. అంటే పన్నెండేళ్ళు సుమారు. ఉద్యోగం, గుడి నిర్మాణం, పన్నెండేళ్ళ చెర, విడుదల, అన్నీ ఈ గిరిలో ఇమడాలంటే చాలా ఇరుకు. పుష్కరం అన్నది కథల సంఖ్య అనుకోవడమే ఉచితం. అయితే ఈ లెక్కలో నన్ను పట్టుకున్నది వేరు. చెర ఎన్నేళ్ళయినా కానివ్వండి, సంప్రదాయం నిజమైతే ఆ కాలంలో అధిక భాగం మేనమామ కొండపైన ప్రధాని, మేనల్లుడు అదే కొండ దిగువన ఖైదీ. ఒక్క మాట చెప్పగలిగిన మనిషి పైన ఉన్నాడు. ఆ మాట రాలేదు.

ఇది మనసులో పెట్టుకుని 'పలుకే బంగారమాయెనా' విని చూడండి. ఆ కీర్తన అంతటా ఉన్నది కాపాడలేదన్న ఫిర్యాదుకంటే ముందు పలకలేదన్న ఫిర్యాదు. పిలిచి పిలిచి అలసినా మాట లేదు. అందులో గోపన్న రాయి ఆడదైన ముచ్చట, ఉడుత మీద చూపిన దయ ఎత్తుకుంటాడు. వారి విషయంలో అలా చేశావు, నా విషయంలో ఎందుకు చేయవు అన్నది వాదన. దిగులుపడ్డవాడికి ఇతరుల సౌభాగ్యం తన అయోగ్యతకు సాక్ష్యంగా కనబడుతుంది. ఉడుతకున్న పాటి విలువ నాకు లేదు కాబోలు అనుకుంటాడు. గోపన్న కూడా ఆ అంచుదాకా వెళతాడు. కాని పాత తీర్పులు చూపి కొత్త దావాకు న్యాయం అడిగే వకీలు స్వరం ఆ పాటలో చివరిదాకా నిలుస్తుంది. ఆ నిశ్శబ్దం రాముడిదొక్కడిదే కాదనీ, దాని వెనుక కొండపైన ఉన్న మేనమామ మౌనం కూడా ఉన్నదనీ నా ఊహ. ఊహ మాత్రమే, రుజువు లేదు. ఈ పాటను మనవారు ఎక్కువగా ఆనందభైరవిలో పాడుతారు. రాగం పేరులో ఆనందం ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు కాని నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

మరొక కీర్తనలో సీతమ్మను సిఫారసు కోరుతాడు. ఏకాంతంలో, అయ్యవారు ప్రసన్నంగా ఉన్న వేళ చూసి నా మాట చెవిన వేయమంటాడు. కొలువుల్లో పని ఎట్లా జరుగుతుందో ఎరిగిన ఉద్యోగి వ్రాసిన అర్జీ అది. పెద్దసాహెబు దగ్గరకు నేరుగా పోతే పని కాదు, లోపలి నుంచి ఒక మాట పడాలి. అంతవరకూ ఎందరి అర్జీలు తన చేతి మీదుగా పోయాయో, ఇప్పుడు ఆ అర్జీదారు స్థానంలో తాను నిలబడ్డాడు.

ఇక అన్నిటికంటె ప్రసిద్ధమైనది 'ఇక్ష్వాకు కులతిలక'. దానిలో గోపన్న పద్దు చదువుతాడు. ప్రాకారాలకు పదివేల వరహాలు, భరతునికి పచ్చల పతకం పదివేలు, శత్రుఘ్నునికి బంగారు మొలతాడు పదివేలు, లక్ష్మణునికి ముత్యాల పతకం పదివేలు, సీతమ్మకు చింతాకు పతకం పదివేలు. ఇంత సొమ్ము నీ తండ్రి పంపాడా, మామ పంపాడా అని నిలదీస్తాడు. సాహిత్యం ఎరిగినవారు దీనిని నిందాస్తుతి అని ఒక గూటిలో పెట్టి ఊరుకుంటారు. నాకు మాత్రం అది ఒక తహసీలుదారు తన జమాఖర్చుల చిట్టా విప్పి దేవుడి ముందు పరచడంలా కనబడుతుంది. మనిషి దుఃఖం అతని వృత్తి భాషలో బయటపడుతుంది. రైతు దుఃఖపడితే వాన లెక్కలు చెబుతాడు, తల్లి దుఃఖపడితే ఎన్ని రాత్రులు మేలుకొన్నదో చెబుతుంది. గోపన్న లెక్కలవాడు కనుక లెక్క చెప్పాడు. లెక్క పూర్తి కాగానే పాట ఒక్కసారి కూలిపోతుంది. దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, కోపగించుకోకు అంటాడు. అంతవరకు నిలబడి అడిగినవాడు చివర చతికిలబడతాడు. ఆ చివరి చరణం లేకపోతే ఆ పాట వట్టి చమత్కారం అయ్యేది.

నిందాస్తుతి అన్న ఆ పేరు మీద నాకు కొంత పేచీ ఉన్నది. మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని ఒక అలంకారం చెప్పారు. పైకి తిట్టు, లోపల పొగడ్త. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రవిష్ణువు మీద కాసుల పురుషోత్తమకవి చెప్పిన ఆంధ్రనాయక శతకం దానికి చక్కని ఉదాహరణ. తిట్టిన ప్రతి తిట్టూ విప్పి చూస్తే పొగడ్తే. గోపన్న పద్దులో అటువంటి లోపలి పొర ఏదీ లేదు. పదివేల వరహాలంటే పదివేల వరహాలే, దెబ్బలంటే దెబ్బలే. దానికి స్తుతి అన్న తోక తగిలించడం మన సౌకర్యం కోసం. భక్తుడికి నిజంగా కోపం వచ్చిందంటే మనకు ఇబ్బంది, నిజంగా నిరాశ కలిగిందంటే ఇంకా ఇబ్బంది.

ఇప్పుడు భరతముని దగ్గరకు పోదాం. నాట్యశాస్త్రం ఏడవ అధ్యాయంలో ముప్పైమూడు వ్యభిచారి భావాల జాబితా ఉన్నది. స్థాయి భావాలు నిలిచి ఉండేవి, వ్యభిచారులు వచ్చిపోయేవి. అందుకే సంచారులనీ అంటారు. ఆ జాబితాలో నిర్వేదం, గ్లాని, ఆలస్యం, దైన్యం, చింత, జడత, విషాదం, నిద్ర, చివరికి మరణం కూడా ఉన్నాయి. నేటి అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాలు చెప్పి, వాటిలో అయిదు రెండు వారాలపాటు నిలిస్తే, మొదటి రెండింటిలో ఒకటైనా వాటిలో ఉంటే, అది రోగమంటుంది: మనసు దిగజారడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి మారడం, నిద్ర చెడడం, కదలిక మందగించడం, నీరసం, తాను పనికిరానివాడినన్న భావన, మనసు కుదరకపోవడం, చావు తలపులు. భరతుని జాబితా నుంచి ఒక ఏడెనిమిదింటిని ఈ పట్టిక పక్కన పేర్చవచ్చు. రెండు వేల ఏళ్ళనాడే మనవారు అన్నీ చెప్పేశారని గర్వించడానికి నేనిది వ్రాయడం లేదు. అటువంటి వ్యాసాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. నన్ను ఆకర్షించినది కాలం గురించిన షరతు. భరతుని దృష్టిలో ఇవన్నీ వచ్చిపోయే అలలు. వైద్యుడి దృష్టిలో, అవి పోకుండా నిలిచినప్పుడే జబ్బు. పోవలసిన సంచారి పోవడం మరచిపోయి ఇంట్లో మకాం పెడితే వచ్చే స్థితి అది.

ఈ ప్రశ్న మన ఆలంకారికులకూ ఎదురైంది. భరతుడు జాబితాలో మొట్టమొదట నిర్వేదాన్ని పెట్టాడు. అది అమంగళకరమైన మాట కదా, శాస్త్రకారుడు అమంగళంతో ఎందుకు మొదలుపెడతాడు? అది కేవలం సంచారి కాదు, స్థాయిగా కూడా నిలవగలదని సూచించడానికే అలా పెట్టాడని కొందరు వాదించారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో శాంతరసానికి నిర్వేదమే స్థాయి అన్నాడు. అభినవగుప్తుడు ఆ వాదం పూర్వాపరాలు చర్చించి ఆత్మజ్ఞానం వైపు మొగ్గాడు. ఈ పండితులకు నిలిచిన నిర్వేదం శాంతానికి ద్వారం. నాకు తోచే చిక్కు ఇక్కడే. నిర్వేదానికి భరతుడు చెప్పిన కారణాలలో తత్త్వజ్ఞానం ఒకటి మాత్రమే. మిగిలినవి దారిద్ర్యం, వ్యాధి, అవమానం, అధిక్షేపం, దెబ్బలు, ఇష్టజనుల ఎడబాటు. గోల్కొండ చెరసాలలో తత్త్వజ్ఞానం సంగతేమో గాని తక్కినవి చాలావరకు గోపన్నకు లభించాయి. మన సంప్రదాయం మాత్రం ఆ ఒక్క కారణాన్ని పైకెత్తి, తక్కినవాటిని కప్పిపెట్టి, ఆయన నిర్వేదాన్ని వైరాగ్యం చేసింది.

దీనివల్ల నష్టమేమిటని మీరు అడగవచ్చు. చెబుతాను. కొన్నేళ్ళ కిందట నాకొక గడ్డు ఏడాది వచ్చింది. చదివిన వాక్యం రెండోసారి చదివినా తలకెక్కేది కాదు, అన్నం సయించేది కాదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి చీకటిలో పడి ఉండేవాడిని. కారణం అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజులలో మా పెదనాన్న ప్రేమకొద్దీ అన్న మాట ఇది: "రామదాసు పన్నెండేండ్లు చెరసాలల ఉన్నడు. దెబ్బలు తిన్నడు. ఏనాడన్న డీలా పడ్డడారా? రాముని పాడుకున్నడు. నీకేమొచ్చిందిరా, తిండి లేదా, గుడ్డ లేదా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పే ఓపిక లేదు. వైద్యుడిచ్చిన మాత్రలు చాలా నెలలు వేసుకున్నాక, మెల్లగా ఓపిక వచ్చాక, కీర్తనల పుస్తకం తీసి ఒక్కొక్కటే చదివాను. డీలా పడ్డాడు పెదనాన్నా. పాట పాటకూ పడ్డాడు. పాడడం డీలా పడకపోవడానికి గుర్తు అని ఎవరు చెప్పారు మనకు?

మా పెదనాన్నవంటి పెద్దలు ఎత్తుకునే మరో మాట 'అనిర్వేదం'. సుందరకాండలో సీత కనబడక అలసిన హనుమంతుడు, నిర్వేదం చెందకపోవడమే సిరికి మూలమని తనకు తాను చెప్పుకుంటాడు. పన్నెండవ సర్గలోని ఆ మాట ప్రసంగాలలో నీతివాక్యంగా వింటూ ఉంటాం. తరువాతి సర్గ ఎవరూ చెప్పరు. పదమూడవ సర్గలో అదే హనుమంతుడు మళ్ళీ పూర్తిగా కుంగిపోతాడు. తాను ఉత్తచేతులతో తిరిగిపోతే రాముడు, లక్ష్మణుడు, సుగ్రీవుడు, ఒకరి వెనుక ఒకరు ఎలా నశిస్తారో వరసపెట్టి ఊహిస్తాడు, ప్రాయోపవేశం గురించి ఆలోచిస్తాడు. దిగులు మనసు చేసే పని సరిగ్గా అదే, ఒక వైఫల్యం నుంచి లోకవినాశం దాకా మెట్లు కట్టడం. అక్కడి నుంచి బతికి ఉంటే మేలు చూడవచ్చునన్న చోటికి హనుమంతుడు చేరతాడు. ముందటి సర్గలో చెప్పుకున్న నీతి మధ్యలో నిలవలేదన్న సంగతిని వాల్మీకి దాచలేదు.

ఆ మాటకు వస్తే గోపన్న మొరపెట్టుకున్న రాముడే దిగులెరిగినవాడు. యోగవాసిష్ఠం వైరాగ్యప్రకరణంలో పదహారేళ్ళ ప్రాయం కూడా నిండని రాముడు తీర్థయాత్ర నుంచి తిరిగివచ్చి, తిండి మాని, మాట మాని, చిక్కి శల్యమై కూర్చుంటాడు. సేవకులు వచ్చి దశరథుడికి భయంగా చెబుతారు. మడికి సింగన పదిహేనవ శతాబ్దంలో దానిని వాసిష్ఠ రామాయణంగా తెలుగు చేశాడు కనుక ఈ కథ తెలంగాణలో గోపన్నకు ముందే ప్రచారంలో ఉన్నది. ఆ సభలో నాకు నచ్చేది ఒకటే. రాముడిని పిలిపించి, నీకేమి తక్కువ అని ఎవరూ అదిలించరు. ముందు అతడిని మాట్లాడనిస్తారు; దేహం మీద, సంపద మీద, ఆయుష్షు మీద, లోకం మీద అతనికి కలిగిన రోతనంతా చెప్పనిస్తారు. ఆ తరువాతనే వసిష్ఠుడు నోరు విప్పుతాడు. అయితే అక్కడ కూడా విశ్వామిత్రుడు దానిని వివేకమనే అంటాడు. రాజకుమారుడి దిగులుకు వివేకమన్న పేరు సులభంగానే దొరుకుతుంది.

సామాన్యుడి దిగులుకు దొరికే పేరు పాపఫలం. రామదాసు పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టాడనీ, అందుకే చెర అనుభవించాడనీ ఒక కథ ఉన్నది. చిన్నప్పుడు హరికథలో విని ఆ చిలుక మీద జాలిపడ్డాను. పెద్దయ్యాక ఆలోచిస్తే, ఆ కథ సుల్తాను చేతికీ, కొరడాకూ, పలకని మేనమామకూ క్షమాపణ ఇచ్చి బాధ్యత అంతా దెబ్బలు తిన్నవాడికే అప్పగిస్తున్నది. గోపన్న తన పాటలలో ఏ జన్మలో ఏ పాపం చేశానో అని అనుకోకపోలేదు. కాని అక్కడే ఆగిపోలేదు. 1917లో ఫ్రాయిడ్ శోకాన్నీ విషాదరోగాన్నీ పోల్చి వ్రాసిన వ్యాసంలో ఒక మాట అంటాడు. శోకంలో లోకం వట్టిపోతుంది, విషాదరోగంలో తానే వట్టిపోతాడు. రోగి తనను తాను తిట్టుకునే తిట్లను చెవి ఒగ్గి వింటే అవి నిజానికి తాను ప్రేమించిన మరొకరికి తగినవి, దారి తప్పి తన మీదికి తిరిగినవి అని. ఫ్రాయిడ్ చెప్పినవన్నీ నమ్మవలసిన పనిలేదు. నేటి వైద్యులు చాలామంది నమ్మరు కూడా. కాని 'ఇక్ష్వాకు కులతిలక' పక్కన ఆ వాక్యం పెడితే, గోపన్న తిట్లు దారి తప్పలేదని తెలుస్తుంది. చేరవలసిన చిరునామాకే చేరాయి. దిగులును ఆయన బెంగగా మార్చుకున్నాడు.

దానికి అవకాశం ఇచ్చినది ఆయన గొప్పతనం ఒక్కటే కాదు. దేవుడిని తిట్టవచ్చునన్న అలవాటు మన భాషలో ఉన్నది. భద్రాచలం మీదికి సేనలు వచ్చి విగ్రహాలను గోదావరి వెంట పోలవరం తరలించినప్పుడు భల్లా పేరకవి భద్రగిరి శతకంలో అదే రాముడిని నిలదీశాడు. సింహాచలం నరసింహుడిని గోగులపాటి కూర్మనాథకవి అంతకంటె ఘాటుగా అడిగాడు. గోపన్నే వ్రాసిన దాశరథి శతకం చూడండి. ఏది ముందో ఏది వెనుకో అన్న వాదన పక్కన పెట్టినా, ఆ ఉత్పలమాలల, చంపకమాలల ఠీవికీ, కీర్తనల వాడుకమాటలకూ చాలా దూరం. దెబ్బ తగిలినప్పుడు వృత్తం రాలేదు, నోటిమాట వచ్చింది.

గోపన్న పుట్టినట్టు సంప్రదాయం చెప్పే 1620 ప్రాంతంలోనే, 1621లో, ఇంగ్లాండులో రాబర్ట్ బర్టన్ విషాదరోగం మీద ఒక మహాగ్రంథం అచ్చువేశాడు. విషాదం నుంచి తప్పించుకోవడానికే విషాదం గురించి వ్రాస్తున్నానన్నాడు. మారుపేరు పెట్టుకుని, వందలాది పూర్వగ్రంథాల నుంచి మాటలు ఏరి పేర్చాడు. ఒకే శతాబ్దంలో ఇద్దరు. ఒకరికి గ్రంథాలయం, ఒకరికి చీకటి కొట్టు. బర్టన్‌కు పని కావలసి వచ్చింది, గోపన్నకు వినేవాడు కావలసి వచ్చాడు. మన వైద్యంలో చరకుడు రోగాన్ని పెంచేవాటిలో విషాదాన్ని మొదటిదిగా లెక్కించాడు. శరీరానికీ మనసుకూ గోడ కట్టని ఆ చూపు నాకు ఇష్టం, మాత్రల మీద నాకు చిన్నచూపు లేకపోవడానికి అదీ ఒక కారణం.

విడుదల కథ అందరికీ తెలిసినదే. రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో ఇద్దరు యువకులు అర్ధరాత్రి తానీషా మందిరానికి వెళ్ళి ఆరు లక్షలు కుమ్మరించి, చెల్లుచీటి వ్రాయించుకుని, నిద్రిస్తున్న గోపన్న పక్కన పెట్టి మాయమయ్యారు. లెక్కల మనిషికి దేవుడు పంపినది వరం కాదు, చెల్లుచీటి. కథ అల్లిన జానపదుడికి గోపన్న బాగా అర్థమయ్యాడు. ఆ తరువాతి ఘట్టాన్ని మనం త్వరగా దాటేస్తాం. తెల్లవారి సంగతి తెలిసిన గోపన్న సంతోషంతో గంతులు వేయలేదట. కొరడాతో కొట్టించినవాడికి దర్శనమిచ్చి, ఇన్నేళ్ళు పిలిచిన నాకు కనబడకుండా పోయావా అని మళ్ళీ ఏడ్చాడట. బాకీ తీరింది, చెర తీరింది, ఆ ఏడుపు తీరలేదు. ఐతిహ్యమే కావచ్చు. కాని కారణం తొలగిన మరునాడే దిగులు తొలగిపోదని ఎరిగినవారెవరో ఆ ముక్క కలిపారు.

ఆ పాటలు మనదాకా రావడానికి పందొమ్మిదవ శతాబ్దంలో తూము నరసింహదాసు వంటివారు చేసిన సేవ కారణం. తంజావూరు సీమలో త్యాగరాజు తన కీర్తనలో రామదాసును తలచుకున్నాడు. మన కాలంలో బాలమురళీకృష్ణ వాటిని ఇంటింటికీ చేర్చారు. భజనమందిరాలలో ఆ దెబ్బల పాటను తాళాలు వాయిస్తూ ఉత్సాహంగా పాడుతుంటే మునుపు నాకు కష్టంగా ఉండేది. ఇప్పుడు లేదు. ఒక్కడు చీకటిలో అన్న మాటను నలుగురు వెలుతురులో పంచుకుంటున్నారు, పంచుకోనీ.

గోల్కొండలో రామదాసు బందీఖానా అని చూపే కొట్టులో గోడమీద సీతారామలక్ష్మణుల, హనుమంతుని బొమ్మలు చెక్కి ఉన్నాయి. పర్యాటకులు దండం పెట్టి ఫొటోలు తీసుకుంటారు. ఆ కోటను 1687 సెప్టెంబరులో ఔరంగజేబు సేనలు పట్టుకున్నాయి. తానీషా బందీ అయి దౌలతాబాదు కోటకు పోయాడు, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అదీ దాదాపు ఒక పుష్కరమే. ఆ ఏళ్ళలో సుల్తాను ఎవరిని పిలిచాడో, ఎవరిని తిట్టాడో చెప్పే పాట ఒక్కటీ మనకు మిగలలేదు.